సీటు విప్పితే దూది



పోయిన చలికాలంలో మా అబ్బా అంబాసిడర్‌కు సీట్లు మార్పించడానికి చిత్తూరు నుంచి తిరుపతి పోయాను. 1982 మోడల్ బండి. మార్క్-4, డీజిల్. అబ్బా దాన్ని 1987లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా టాక్సీ తిప్పి, నడుము సహకరించక పర్మిట్ వదిలేసి, పసుపు బోర్డు తీయించి ఓన్ బోర్డు చేయించాడు. ఇంజన్‌కు ఢోకా లేదు. బాడీకి రెండుసార్లు టింకరింగ్ అయింది. సీట్లే ఖతం అయిపోయాయి. డ్రైవర్ కూచునే చోట గుంత పడితే అబ్బా పాత రజాయీ మడిచి వేసుకునేవాడు. వెనక సీటు రెక్జిన్ నెర్రెలిచ్చి, ఎక్కినవాళ్ల బట్టలకు స్ప్రింగు కొస తగులుకునేది.

ఆ తర్వాతి నెలలో మా ఆపా కూతురి నికాహ్ ఉంది. దుల్హన్ ఈ కార్లోనే అత్తగారింటికి పోవాలని అబ్బా జిద్. "అద్దె కారు నక్కో. రుఖ్సతీ నా బండిలోనే" అన్నాడు. సరే అని బయల్దేరాను. సీటు పని మీద పోయినవాణ్ని మా ఖాందాన్ తవారీఖ్ తెలుసుకుని తిరిగొచ్చాను. ఈ మజ్మూన్ దాని గురించే.

మూడు దారులు

రేణిగుంట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. ఇద్దరు షాగిర్దులు. ఆయన బండి చుట్టూ తిరిగి చూడలేదు. తలుపు తీసి ముందు సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు, తర్వాత మోకాలు పెట్టి నొక్కాడు. చప్పుడు విన్నాడు. అంతే, మూడు దారులు చెప్పాడు.

మొదటిది, పాత సీట్ల మీదే కొత్త కవర్లు తొడగడం. సాయంత్రానికి బండి ఇచ్చేస్తారు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, లోపలి గుంత లోపలే ఉంటుంది. రెండోది, స్ప్రింగులూ పీచూ అంతా పీకేసి, ఫోమ్ దిమ్మెలు కోసి పెట్టి, పైన ఆర్ట్ లెదర్ కుట్టడం. లేదా ముందరి బెంచీ సీటే తీసేసి, తుక్కుకు పోయిన వేరే కారు బకెట్ సీట్లు రెండు బిగించడం. ఇప్పుడు ఎక్కువమంది చేయించేది ఇదే. మూడోది, ఇనుప చట్రం ఉంచి, విరిగిన స్ప్రింగులు మార్చి, వాటి మీద గోనెపట్టా, పీచు, దూది వరసగా వేసి పాత పద్ధతిలో కట్టడం. దానికి వారం పడుతుంది, కూలీ కూడా ఎక్కువ.

"బకెట్ సీట్లు మాత్రం వద్దు సామీ. ఆర్సీలో సీట్ల లెక్క ఉంటుంది గదా. బెంచీ తీసేస్తే లెక్క మారిపోతుంది. మళ్లా ఆఫీసు చుట్టూ తిరగాల" అన్నాడు.

బెంచీ తీయొద్దనుకోవడానికి నాకు వేరే కారణం ఉంది. మా అబ్బా సగం జిందగీ ఆ బెంచీ మీద పడుకున్నాడు.

తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. అంతకుముందు మెట్ల దారిన నడిచిపోవడమో, డోలీ ఎక్కడమో. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఎక్కేందుకు ఒకటి, దిగేందుకు ఒకటి అయ్యాక బండ్లు బాగా పెరిగాయి. తిరుపతి, చిత్తూరు టాక్సీవాలాలకు రోజీరోటీ ఆ కొండే. అబ్బా జాయిరీన్‌ను, అంటే యాత్రికులను, పైకి తీసుకుపోయి, వాళ్లు దర్శనం ముగించుకుని వచ్చేదాకా కార్లోనే ఉండేవాడు. ఒక్కోసారి ఒక రాత్రి, ఒక్కోసారి ఒకటిన్నర రోజు. ముందు బెంచీ మీద కాళ్లు ముడుచుకుని పడుకుని, ఫజర్‌కు లేచి, బాటిల్ నీళ్లతో వజూ చేసుకుని బండి పక్కనే నమాజ్ చదువుకునేవాడు. బకెట్ సీట్ల మధ్య గేర్ రాడ్డు ఉన్న కార్లో ఎవడు పడుకుంటాడు? అంబాసిడర్‌లో గేర్ స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి ఆ బెంచీ డ్రైవర్లకు పలంగ్ అయింది.

ఘాట్ రోడ్డే ఆ సీట్లను తినేసింది కూడా. మలుపు మలుపుకూ మనుషులు ఒక పక్కకు జరుగుతారు, మళ్లీ ఇంకో పక్కకు. వాళ్లతోపాటు లోపలి పీచు జరుగుతుంది. పైన రెక్జిన్ కుట్టు దగ్గర తెగుతుంది.

దూది బయటపడింది

మూడో దారే అన్నాను. షాగిర్దులు సీటు బయటికి తీసి నేల మీద పెట్టి కుట్లు విప్పారు. పైన రెక్జిన్. దాని కింద దూది పొర. దాని కింద కొబ్బరి పీచు. దాని కింద గోనెపట్టా. అన్నిటికీ అడుగున చట్రానికి బిగించిన స్ప్రింగులు. స్ప్రింగుల్లో నాలుగో అయిదో తప్ప అన్నీ బాగున్నాయి.

ఉస్తాద్ ఆ దూది పొర నుంచి ఒక చిన్న ముద్ద తీసి, రెండు బొటనవేళ్లతో లాగి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది ఎవురు కట్టినారు సామీ?"

తెలియదన్నాను.

"ఇది మిషన్ దూది కాదు. విల్లుతో ఏకిన దూది. మా నాయన ఇట్నే ఏకుతా ఉన్నె. మేము దూదేకులోళ్లం."

అక్కడి నుంచే అబ్బాకు ఫోన్ చేశాను. సీట్లు ముందెవరు కట్టారని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వో తుమారే దాదా కా కామ్ హై బేటా. ఘర్ ఆవ్, బాత్ కరేంగే" అన్నాడు.

మా దాదా ఏం పని చేసేవాడో నాకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. "పరుపుల వ్యాపారం" అని చెప్పేవాళ్లు. ఇంట్లో అటక మీద నా కంటే పొడుగైన ఒక కొయ్య ఉండేది. ఒక చివర వెడల్పాటి బద్ద, ఈ చివర నుంచి ఆ చివరకు బిగించిన నరం. చిన్నప్పుడు దాన్ని మీటితే "తుంయ్" అని మోగేది. అదేమిటని అడిగితే దాదీ నవ్వి "మీ దాదా బాజా" అనేది. నేను నిజంగానే బాజా అనుకున్నాను. మా దాదా సంగీతకారుడని దోస్తులతో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

1987లో కారు కొన్నప్పుడే దాని సీట్లు పాడై ఉన్నాయట. అబ్బా దగ్గర పైసల్లేవు. దాదా తానే స్ప్రింగులు సరిచేసి, పీచు విదిలించి, దూది ఏకి కట్టాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో నేను మదనపల్లెలో నానీ ఇంట్లో ఉన్నాను. నేను చూడలేదు.

ఒక విల్లు, నాలుగు పేర్లు

ఆ బాజా పేరు ఏకుడు విల్లు. కొందరు కమాన్ అంటారు. పైకప్పు నుంచి వేలాడే వెదురు బద్దకు దాన్ని తగిలిస్తారు. కింద దూది కుప్ప. నరం దూదికి తగిలేలా పట్టుకుని, డంబెల్ ఆకారంలో ఉండే కొయ్యతో నరాన్ని కొడతారు. నరం అదిరినప్పుడల్లా ఉండలు కట్టిన దూది పోగు పోగుగా విడిపోయి గాల్లోకి లేచి అవతల పడుతుంది. దుమ్ము, గింజ ముక్కలు కింద రాలిపోతాయి. గంట కొడితే గుప్పెడు దూది గంపెడు అవుతుంది. ముక్కు నిండా, ఊపిరితిత్తుల నిండా నూగు. పాత రోజుల్లో ఈ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. వీధి మొదట్లో నరం మీటితే ఇంట్లో ఆడవాళ్లకు తెలిసిపోయేది. గడ్డకట్టిన పరుపులు, తకియాలు బయటికొచ్చేవి. పెళ్లిళ్ల కాలంలో జహేజ్ పరుపులకు ఒక ఇంట్లోనే రోజుల తరబడి పని ఉండేది. మన చిత్తూరు వైపు వేరుశనగ, చెరకు, మామిడి తప్ప పత్తి తక్కువ. ఆదోని వైపు పత్తి, లేకపోతే మన ఊళ్లలో దొరికే బూరుగు దూది.

ఈ పని చేసినవాళ్లకు పేర్లు చాలా. తెలుగులో దూదేకుల. పింజారి కూడా అదే, దూదిపింజలోని పింజే అందులో ఉంది. లద్దాఫ్ అనేది అరబీ నద్దాఫ్ నుంచి వచ్చింది, దానికీ దూది ఏకేవాడనే మానే. నూర్‌బాషా అనే పేరును ఫార్సీ నూర్‌బాఫ్‌తో కలిపి చెబుతారు, అంటే నేతగాడు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ కులాల గ్రంథంలో దూదేకులను దూది శుభ్రం చేసే ముసల్మానులుగా, తాళ్లూ నవారూ అల్లేవాళ్లుగా రాశారు. ఎక్కువగా తెలుగో కన్నడమో మాట్లాడతారనీ రాశారు. అంటే మన తాతలు పడుకున్న నవారు మంచం వాళ్ల పనే, దాని మీద పరుపూ వాళ్ల పనే.

తెలుగు భాషలో వాళ్ల విల్లు ఇంకా మోగుతూనే ఉంది. ఏకులా వచ్చి మేకయ్యాడంటాం. నేను పేపర్లో ఎన్ని హెడ్డింగులు పెట్టానో లెక్కలేదు, "అధికారులను ఏకిపారేసిన ఎమ్మెల్యే" అని. ఏకడం అంటే ఏమిటో, అది మా ఇంటి పనని తెలియకుండానే పెట్టాను. తెలుగులో ఇంకో మాట కూడా ఉంది. "పింజారీ" అని తిడతారు. సినిమాల్లో వింటాం, బజార్లో వింటాం. పని చేసి బతికేవాడి పేరు గాలీ ఎలా అయిందో ఎవరూ అడగరు.

మన్సూర్, సిద్దయ్య, నాజర్

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. అక్కడ మన్సూర్ హల్లాజ్ గురించి చెప్పారు. హక్ మాట అన్నందుకు 922లో బగ్దాద్‌లో ప్రాణం ఇచ్చినవాడని, సూఫీ శాయిరీ అంతా ఆయన పేరు చుట్టూ తిరుగుతుందని చెప్పారు. హల్లాజ్ అంటే దూది ఏకేవాడని చెప్పలేదు. చెప్పారేమో, మా మౌల్వీసాబ్ ఒక్క ముక్కలో చెప్పి దాటిపోయారేమో, నాకు గుర్తు లేదు. ఉత్తరాదిలో దూదేకే బిరాదరీ ఆయన పేరు మీదనే తమను మన్సూరీలని చెప్పుకుంటుంది.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య వచ్చాడు. మన కడప జిల్లా మనిషి, దూదేకుల సిద్దయ్య. ముసల్మాను ఇంట్లో పుట్టి బ్రహ్మంగారికి ప్రియశిష్యుడయ్యాడని రాయలసీమలో ప్రతి ఇంటికీ తెలుసు. క్లాసులో దోస్తులు నా వైపు తిరిగి "మీవాడే" అంటే, "కాదు, వాళ్లు దూదేకులవాళ్లు, మేము షేకులం" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో మనిషి షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టి, బుర్రకథను తెలుగునేల అంతా మోగించినవాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన జిందగీ చెప్పి రాయించిన పుస్తకానికి పెట్టిన పేరు "పింజారి". గాలీగా వాడే మాటనే అట్ట మీద వేయించాడు. నేను ఆ పుస్తకం చదివాను, దాని మీద రాశాను కూడా. అయినా అది పరాయివాళ్ల కథే అనుకున్నాను.

ఉర్దూ బడి మన్సూర్‌ను ఇచ్చింది, తెలుగు డిగ్రీ సిద్దయ్యనూ నాజర్‌నూ ఇచ్చింది. ఈ ముగ్గురినీ కలిపే విల్లు మా ఇంటి అటక మీద ఉండిందని చెప్పేవాళ్లు లేకపోయారు.

బిస్తర్ నుంచి బండిదాకా

దూది పరుపుకూ కారు సీటుకూ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. చాలా దగ్గరి సంబంధం ఉంది. కారు రాకముందు మన ఊళ్లలో జట్కాలుండేవి, వాటిని తోలిన వాళ్లలో సాయిబులు ఎక్కువ. జట్కాలో గడ్డి పరిచి, పైన గోనెపట్టా, ఇంకా ఖర్చు పెట్టగలిగితే ఒక పరుపు. కార్లు వచ్చాక కూచునే చోటు కట్టే పని మళ్లీ ఆ చేతులకే వచ్చింది. ఇంగ్లీషు దొరల కార్లకు తోలు కావాలి. తోలు పనికి ఆంబూరు, వాణియంబాడి, మేల్‌విషారం, రాణిపేట ఉన్నాయి. అవన్నీ మనకు పరాయి ఊళ్లు కావు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనదీ, వాటిలో చాలా ఊళ్లదీ ఉత్తర ఆర్కాటు జిల్లానే, దానికి సదర్ ముకామ్ మన చిత్తూరే. ఆ తోలు వ్యాపారంలో ముసల్మానులదే పెద్ద చెయ్యి.

తోలు కొనలేని వాళ్లకు రెక్జిన్ వచ్చింది. అది మొదట ఇంగ్లాండులో మాంచెస్టర్ పక్క హైడ్ ఊళ్లోని కంపెనీ సరుకు పేరు. బట్టకు నైట్రోసెల్యులోజ్ పూత పూసి తోలులా కనిపించేలా చేసేవాళ్లు. తర్వాత పీవీసీ పూత వచ్చింది. సరుకు మారినా మన బజార్లలో పేరు మారలేదు. మన ఎండలకు అది కాగి, చెమటకు అతుక్కుని, నాలుగైదేళ్లకు పగులుతుంది. ఆఫీసర్ల అంబాసిడర్లలో సీట్ల మీద తెల్ల టర్కీ తువ్వాళ్లు పరిచేది హోదా కోసమే అనుకుంటాం గానీ, ఆ వేడి కూడా ఒక కారణమే.

అంబాసిడర్ 1957లో వచ్చింది. ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును హిందుస్తాన్ మోటార్స్ కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారుచేసింది. 2014లో ఆపేసింది. అన్నేళ్లలో బాడీ పెద్దగా మారలేదు కాబట్టి తండ్రి నేర్చుకున్న సీటు పని కొడుక్కు కూడా పనికొచ్చింది. అంబాసిడర్ సీటు విప్పడం తెలిసినవాడు ఏ ఊళ్లో అయినా బతికాడు. విల్లుకు పని తగ్గాక చాలామంది లద్దాఫ్‌లు అటే వచ్చారని తిరుపతి ఉస్తాద్ తన ఖాందాన్‌ను చూపించి చెప్పాడు. వాళ్ల తాత పరుపులు, నాయన జట్కా మెత్తలు, తర్వాత కారు సీట్లు, ఈయన కార్లూ వ్యాన్లూ.

ఇక్కడ నాకు ఒక హదీస్ గుర్తొచ్చింది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ బిస్తర్ తోలుతో చేసిందనీ, దాని లోపల ఖర్జూరపు పీచు కూరి ఉండేదనీ హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పారు. బుఖారీలో ఉంది. పైన తోలు, లోపల చెట్టు పీచు. షెడ్డులో నా ముందు విప్పి పెట్టిన సీటు కట్టుబడి అదే. ఖర్జూరం బదులు కొబ్బరి.

మాటలు కూడా చూడండి. ఇంగ్లీషు వాళ్ల సోఫా మన సుఫ్ఫా నుంచి పోయిందే. మస్జిదె నబవీలో అస్‌హాబె సుఫ్ఫా కూచున్న అరుగు పేరు అది. వాళ్ల మ్యాట్రెస్ అరబీ మత్రహ్ నుంచి, వాళ్ల కాటన్ అరబీ కుత్న్ నుంచి. లోకం అంతా మెత్తగా కూచోవడానికీ పడుకోవడానికీ వాడే మాటలు ఇవి. అలాంటిది ఆ పని చేసినవాళ్లను మాత్రం మన దస్తర్‌ఖ్వాన్ దగ్గర చివరన కూచోబెట్టాం.

ఫోమ్ వచ్చాక

విల్లును ముందు దెబ్బతీసింది దూది ఏకే మిషన్. తర్వాత ఫోమ్. 1929లో ఇంగ్లాండులో డన్‌లప్ వాళ్లు రబ్బరు పాలను నురగ కొట్టి గట్టిపరిచి లేటెక్స్ ఫోమ్ చేశారు. 1937లో జర్మనీలో ఓటో బేయర్ పాలీయురేథేన్ కనిపెట్టాడు. అందులోంచి వచ్చిన మెత్తటి ఫోమ్ లోకమంతా కారు సీట్లను ఆక్రమించింది. మన దగ్గర 1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కాక బకెట్ సీట్లు, ఫోమ్ మామూలైపోయాయి.

ఫోమ్ బాగుండదని నేను అనను. తేలిక, పని త్వరగా అవుతుంది, దుమ్ము లేదు. దూది నూగు పీల్చి దగ్గి దగ్గి పోయినవాళ్ల పిల్లలకు ఫోమ్ రహమత్ అనిపిస్తే తప్పు పట్టలేం. కాని తేడా ఏమిటో ఉస్తాద్ ఒక్క మాటలో చెప్పాడు.

"ఫోమ్ పొడి అయిపోతే పారేయాల్సిందే. దూది చచ్చిపోదు సామీ, గడ్డ కడుతుంది, అంతే. మళ్లా ఏకితే లేస్తుంది."

మా దాదా దూదిని పారేయొద్దని చెప్పాను. ఆయన దాన్ని సంచిలో కట్టి ఏకే మిషన్‌కు పంపాడు.

అటక ఖాళీ ఎలా అయింది

ఇంటికొచ్చాక అబ్బా చెప్పాడు. దాదా పేరుకు ముందు షేక్ లేదు. అబ్బాను బడిలో వేసేటప్పుడు ఎవరో పెద్దమనిషి సలహా మీద షేక్ చేర్చారు. అబ్బా డ్రైవింగ్ నేర్చుకుని చిత్తూరు వచ్చేశాడు. ఉర్దూ మాట్లాడే మొహల్లాలో ఇల్లు తీసుకున్నాడు. దాదీ మాత్రం చివరిదాకా దువా కూడా తెలుగులోనే చేసుకునేది. ఇంటికి మెహమాన్లు వస్తే ఆమెను మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. అది నాకు గుర్తుంది. ఎందుకో తెలిసేది కాదు.

ఆపాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక మంచి రిష్తా వచ్చింది. మాటలయ్యాయి, మంగ్నీ తారీఖు కూడా అనుకున్నారు. వాళ్ల తరఫు వాళ్లు ఎవరినో పంపి విచారించారు. "అసల్ షేకులు కాదు, దూదేకులవాళ్లు" అని తెలిసింది. మళ్లీ రాలేదు. కారణం కూడా చెప్పలేదు.

"ఆ వారమే పొరుగింట్లో దావత్. దేగ్ కింద కట్టెలు చాల్లేదన్నారు. అటక మీద విల్లు దించి ఇచ్చేశాను" అన్నాడు అబ్బా. అప్పటికి దాదా పోయి రెండేళ్లు.

నేనేమీ అనలేకపోయాను. ఇస్లాంలో అజమీకీ అరబీకీ తేడా లేదని ప్రతి జుమా వింటాం. దావూద్ అలైహిస్సలాం తన చేతి మెహనత్ తిన్నారని, జకరియా అలైహిస్సలాం వడ్రంగి అని తఖ్రీరుల్లో చెప్పుకుంటాం. పిల్ల రిష్తా దగ్గరకొచ్చేసరికి అవన్నీ మర్చిపోయి తాత ఏం పని చేశాడని అడుగుతాం. ఇంకో విచిత్రం చూడండి. ప్రభుత్వం 1970లో బీసీ జాబితా వేసినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లను బీసీ-బిలో పెట్టింది. 2007లో మిగతా పేద ముస్లిం బిరాదరీలకు బీసీ-ఇ వచ్చింది, షేకులు అందులో ఉన్నారు. అంటే షేకుల కంటే దాదాపు నలభై ఏళ్ల ముందే దూదేకుల పిల్లలకు చదువులో, నౌకరీలో ఒక దారి ఉంది. మేము ఇజ్జత్ కోసం పేరు దాచుకుని ఆ దారి కూడా వదులుకున్నాం. పొరుగువాళ్ల దగ్గర దాచాలంటే కాగితాల మీద కూడా దాచాల్సి వచ్చింది.

మొగిలి ఘాట్

వారానికి సీట్లు అయ్యాయి. స్ప్రింగుల మీద కొత్త గోనెపట్టా, కొత్త పీచు, దాని మీద దాదా దూది, చాలనిచోట కొత్త దూది, పైన ముదురు ఆకుపచ్చ రెక్జిన్, అంచులకు తెల్ల పైపింగ్. ముందు బెంచీ బెంచీలాగే ఉంది. ఉస్తాద్ కూలీ పుచ్చుకుని, గుప్పెడు దూది మిగిలిందని కాగితంలో చుట్టి ఇచ్చాడు. అమ్మీ దాన్ని మనవరాలి జహేజ్ తకియాలో పెట్టి కుట్టింది.

నికాహ్ రోజు నేను బండి నడిపాను. వెనక దుల్హా, దుల్హన్, ఆపా. ముందు బెంచీ మీద నా పక్కన అబ్బా, కిటికీ వైపు సమ్ధీసాబ్, అంటే పెళ్లికొడుకు తండ్రి. పలమనేరు పోవాలి. బంగారుపాళెం దాటాక అబ్బా సీటు మీద చెయ్యి పెట్టి, ఉర్దూలో కాదు, తెలుగులో అన్నాడు. "ఈ దూది మా నాయన ఏకింది. మేము దూదేకులోళ్లం. ముందే చెప్పాల్సింది."

నికాహ్ అయిపోయింది కాబట్టి చెప్పాడని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత అడిగితే, రెండుసార్లు వాళ్లింటికి చెప్పడానికే పోయి చెప్పలేక తిరిగొచ్చానన్నాడు.

సమ్ధీసాబ్ మాట్లాడలేదు. అద్దంలో ఆపా ముఖం చూశాను, ఆమె కిటికీ బయటికి చూస్తోంది. మొగిలి ఘాట్ ఎక్కేదాకా కార్లో ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. పైకి వచ్చాక ఆయన సీటును అరచేత్తో నొక్కి చూసి అడిగాడు.

"ఎన్ని కిలోల దూది పట్టింది భాయ్?"

అబ్బా లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. పలమనేరు వచ్చేదాకా ఇద్దరూ దూది గురించే మాట్లాడుకున్నారు.

ఇది చదివే బహన్‌భాయీలకు ఒక గుజారిష్. మీ ఇంట్లో ఇంకా దాదీలు, నానాలు ఉంటే, వాళ్ల పెద్దలు ఏ పని చేసి తిన్నారో అడగండి. దూది ఏకారా, గాజులు అమ్మారా, జట్కా తోలారా, తోలు ఊనారా? అడిగి పిల్లలకు చెప్పండి, కాగితం మీద రాసి పెట్టండి. అటక మీద పాత పనిముట్టు ఏదైనా ఉంటే కట్టెల్లోకి వేయొద్దు. మా ఇంట్లో ఆ విల్లు ఇప్పుడు లేదు. దాని గురించి నా పిల్లలకు మాటల్లో చెప్పడం తప్ప చూపించలేను.